అందరి సినిమా

బొమ్మలోంచి ఒక వస్తువును తీసేస్తే అబద్ధమాడినట్టేనా?

మా మేనల్లుడికీ నాకూ మధ్య నెల రోజులు నలిగిన ప్రశ్న ఇది. మొదట్లో వాడి చదువుకు సంబంధించిందే అనుకున్నాను. తర్వాత అది మా ఇంటి ప్రశ్న అని తేలింది. చివరికి, ముప్పయ్యేళ్ల కిందట నేను రైల్లో చెప్పిన ఒక మాట దగ్గరికి వచ్చి ఆగింది. అందుకే రాస్తున్నాను.

నేను టెక్కలి దగ్గర ఒక హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. “సాయిబుగారైనా తెలుగు ఎంత బాగా మాట్లాడతారో” అనే మెచ్చుకోలు ఉద్యోగంలో చేరిన వారంలోనే విన్నాను. రిటైరైన రోజు సన్మాన సభలోనూ విన్నాను. ఆ “అయినా” నా సర్వీసంతా నా వెంటే ఉంది. మా జిల్లాలో మేం చాలా తక్కువమందిమి. శ్రీకాకుళం పట్నంలో కుతుబ్‌షాహీల నాటి జామియా మసీదు ఉంది. అక్కణ్ణించి ఉత్తరంగా టెక్కలి, పలాస, సోంపేట దాకా వచ్చేకొద్దీ మా ఇళ్లు పల్చబడిపోతాయి. హైదరాబాదు ముస్లిం, కర్నూలు ముస్లిం రాసినవి చదువుతుంటే నాకు కాస్త ఈర్ష్య కూడా కలిగేది. వాళ్ల బాధలు బాధలే. కానీ వాళ్లకో గల్లీ ఉంది, మొహల్లా ఉంది. రంజాను నెలలో సహరీకి లేపే గొంతు ఉంది. మాది మొహల్లా లేని ముసల్మానుతనం. అందరిలో కలిసిపోయి, కంట పడకుండా నడవడమే మా పెద్దలు మాకు నేర్పిన విద్య.

మా చెల్లెలి కొడుకు విశాఖపట్నంలో విజువల్ ఎఫెక్ట్స్ కోర్సు చదివాడు. చివరి సంవత్సరం నలుగురు పిల్లలు కలిసి ఒక చిన్న సినిమా తీసి చూపించాలి. కెమెరాతో తీసిన నిజమైన చోటులో కంప్యూటర్లో చేసిన వస్తువులు కలపాలి. చూసేవాడికి అతుకు కనిపించకూడదు. వీళ్లు ఎంచుకున్న విషయం తిత్లీ తుపాను.

2018 అక్టోబరు 11 వేకువన, నాలుగున్నరకూ అయిదున్నరకూ మధ్య, ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, విసురు 165 దాకా. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో కొబ్బరీ జీడీ పనసా తోటలకు తోటలే పడిపోయాయి. ఉద్దానం అంటే ఉద్యానవనం అనే అర్థం చెప్పుకునే ప్రాంతం, తెల్లారేసరికి నరికి పారేసిన కట్టెల అడితిలాగ ఉంది. తిత్లీ అంటే మా ఇంట్లో మాట్లాడే ఉర్దూలో సీతాకోకచిలుక. తుపాన్లకు వంతులవారీగా పేర్లు పెట్టే దేశాల్లో ఈ పేరు పాకిస్తాన్ ఇచ్చింది. ఆ సంగతి పేపర్లో వచ్చిన మర్నాడు టీ కొట్టు దగ్గర ఒకాయన నవ్వుతూ, “మీవాళ్లు పంపిందే కదా మాస్టారూ” అన్నాడు. నేనూ నవ్వాను. మా ఇంటి రేకులు కూడా ఆ గాలికే లేచిపోయాయని అనలేదు.

2023 నవంబరులో పిల్లలు షూటింగుకు వచ్చారు. ఊరు వజ్రపుకొత్తూరు మండలంలోది, సముద్రానికి దగ్గర. అక్కడ నాకు పాత శిష్యులున్నారు గనక తోట మాట్లాడి పెట్టే పని నాకు పడింది.

సినిమా తీయడమంటే కెమెరా పట్టుకుని బయల్దేరడమే అనుకున్నాను. మావాడు నాకో నోటుబుక్కు చూపించాడు. షాటుకొక పేజీ. పైన బొమ్మ గీసి ఉంది. దాని కింద ఏ లెన్సు, కెమెరా నేలనుంచి ఎంత ఎత్తు, చెట్టుకీ కెమెరాకీ ఎన్ని అడుగులు, వెలుగు ఏ పక్కది అని రాసుకున్నాడు. టేపు పెట్టి అన్నీ కొలిచారు. “ఇవి రాసుకోకపోతే కంప్యూటర్లో చేసిన చెట్టు నేలమీద నిలబడదు మామూ, గాల్లో తేలుతుంది” అన్నాడు.

వెలుగు సంగతి ఇంకా పెద్దది. తుపాను వేకువలో నీడలుండవు. ఎండలో తీసిన బొమ్మమీద ఎంత వాన పోసినా లాభం లేదు, నేలమీది నీడ దొంగతనం పట్టిస్తుంది. అందుకని వాళ్లకు పనికొచ్చేది తెలతెలవారే వేళ ఇరవై నిమిషాలు మాత్రమే. ఆ ఇరవై నిమిషాల కోసం మూడు రోజులు మూడున్నరకే లేచాం. ప్రతి షాటు తర్వాతా ఒక బూడిదరంగు బంతినీ, అద్దంలా మెరిసే మరో బంతినీ, కంప్యూటరు చెట్టు పడబోయే చోట పెట్టి ఫోటో తీశారు. ఆ చోటికి ఏ దిక్కునుంచి ఎంత వెలుగొస్తోందో ఆ బంతులు చెబుతాయట.

ముసలి రైతు ఒకాయన చెట్టును కావలించుకుని కూర్చునే షాటు ఉంది. ఆయన వెనక గుడ్డ పట్టుకోవాలి. మామూలుగా పచ్చ గుడ్డ పడతారు, దాన్ని గ్రీన్ మ్యాట్ అంటారు. కంప్యూటరు ఆ పచ్చదనాన్నంతా తీసేసి, మనం చెప్పిన బొమ్మను అక్కడ పెడుతుంది. కానీ కొబ్బరితోటలో పచ్చ గుడ్డ కడితే ఆకులు కూడా పోతాయి. అందుకని నీలం గుడ్డ తెచ్చారు. దాని ఒక కొస పట్టుకుని నిలబడింది నేనే. ఈ వివరం గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

తోట యజమాని ఎనభై దగ్గర పడ్డ మనిషి. మోటారు పైపుతో ఆకులమీద నీళ్లు కొడుతూ, తాళ్లతో కొమ్మలు ఊపుతుంటే చాలాసేపు చూశాడు. చివరికి, “ఎల్లిపోనాది గదా బావూ, మల్లీ ఎందుకు తెస్తన్నారు?” అన్నాడు. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఉద్దానానికి కెమెరాలు కొత్త కాదు. కిడ్నీ జబ్బు మనుషులను వరసగా కూర్చోబెట్టి తీసుకుపోయిన కెమెరాలు ఎన్నో. తీసినవాళ్లలో ఎంతమంది తిరిగొచ్చి చూపించి ఉంటారు? నేను మావాడితో ఒక మాట తీసుకున్నాను. సినిమా పూర్తయ్యాక ముందుగా ఈయనకు చూపించాలి.

నెల తర్వాత వాడు లాప్‌టాప్ తెచ్చి మా ఇంట్లో చూపించాడు. బాగుంది. చెట్లు విరిగి పడుతుంటే నా ఒళ్లు జలదరించింది. రెండోసారి చూశాను. మూడోసారి ఏదో లోటు అనిపించింది. తోట చివర, అమ్మవారి గుడికి ఇవతల, ఒక గోరీ ఉంది. మేం దర్గా అంటాం. ఊళ్లో సాయిబు గోరీ అంటారు. ఆ ఊళ్లో ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేదు. గోరీ పక్కన పొడుగాటి వెదురు కర్రకు పచ్చ జెండా ఎగురుతుంటుంది. సినిమాలో గుడి ఉంది. జెండా లేదు. గోరీ ఉన్నచోట మొగలిపొద ఉంది.

“జెండా ఏమైంది?” అన్నాను.

“పచ్చది కదా మామూ, మ్యాట్‌తో పాటు పోయింది.”

“మీరు కట్టింది నీలం గుడ్డ కదరా. కొస పట్టుకున్నది నేనే.”

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. తీసేసింది కంప్యూటరు కాదు, తనే. పదకొండు సెకన్ల షాటు. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేముల లెక్కన 264. జెండాకు ముందు కొబ్బరాకులు ఊగుతున్నాయి గనక ఒక్కదెబ్బతో పోదు. ఒక్కొక్క ఫ్రేములో పక్క ఆకాశం తెచ్చి అతికించాడు. రెండు రాత్రుల పని.

“ఎవరైనా తియ్యమన్నారా?”

“లేదు. జెండా ఉంటే ఇది మన సినిమా అయిపోద్ది మామూ. లేకపోతే అందరి సినిమా.”

నేనివాళ మీతో మాట్లాడదలచుకున్నది ఈ ఒక్క వాక్యం గురించే.

వాడి తరఫున చెప్పాల్సింది ముందు చెబుతాను. సినిమా మాయ అంతా తీసేయడమూ కలపడమే. 1957 నాటి ‘మాయాబజార్’లో వెన్నెలను తెరమీద పరిచిన కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ. ఆ వెన్నెల మాయ అని తెలిసీ మనం తడిశాం. తెలుగువాళ్ల పురాణ వెన్నెలను అంత చల్లగా చూపించినవాడు ఒక ఆంగ్లో ఇండియన్ అన్న సంగతి కూడా ఎవరికీ అడ్డు రాలేదు. అది మోసం కాదు. టిక్కెట్టు కొన్నప్పుడే మనకూ వాళ్లకూ ఒప్పందం కుదిరింది. మీరు మాయ చెయ్యండి, మేం నమ్ముతాం.

మావాడు కూడా ఇంకా ఎన్నో తీసేశాడు. లాగిన తాళ్లు తీసేశాడు. చెట్లకు అంటించిన గుర్తుల ముక్కలు తీసేశాడు. తుపాను తర్వాత వేసిన కొత్త కరెంటు స్తంభం, ఒక ప్లాస్టిక్ నీళ్ల టాంకు తీసేశాడు. అవి ఆ వేకువన అక్కడ లేవు. వాటిని తీసేస్తే బొమ్మ నిజానికి ఇంకా దగ్గరయింది. అంతెందుకు, అమ్మవారి గుడికి ఈ మధ్య కొత్త రంగు వేశారు. 2018లో ఏ రంగుండేదో ఊళ్లో ముగ్గుర్ని అడిగి, మళ్లీ ఆ పాత రంగు తెచ్చాడు. అంత నిజాయితీపరుడు జెండా గురించి ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన పని లేదని వాడికి తోచింది. నన్ను బాధపెట్టింది అబద్ధం కాదు, ఆ తోచడం.

ఇక్కడ ఒక తేడా ఉంది. బొమ్మలో ఏదైనా కలిపితే చూసేవాడు అనుమానించగలడు. చెట్టు సరిగా పడలేదంటాడు, వాన సహజంగా లేదంటాడు. తీసేసినదాన్ని అనుమానించడానికి ఏమీ మిగలదు. అక్కడ ఒకటి ఉండేదని తెలిస్తే కదా అడగడానికి? కాబట్టి కలపడంలో ఉన్న ఒప్పందం తీసేయడంలో లేదు. తాడు తీసేసినవాణ్ణి “ఏం తీశావు?” అని అడిగితే వెంటనే చెబుతాడు. మావాడు చెప్పలేక పచ్చరంగు మీద నెట్టాడు. తప్పేదో వాడికీ తెలుసన్నమాట. మా ఇంట్లో చిన్నప్పట్నించీ ఏ పనికైనా అడిగే ప్రశ్న ఒకటుంది. నీ నియ్యత్ ఏమిటి? చేతికి దొరకనిది నియ్యత్ దగ్గర దొరుకుతుంది.

సరే, వాడి నియ్యత్ ఏమిటి? అందరికీ చెందాలని. చెడ్డ కోరికా? కాదు. కానీ ఆ లెక్క చూడండి. గుడి ఫ్రేములో ఉన్నా అది “హిందువుల సినిమా” కాలేదు. ఎవరికీ ఆ అనుమానమే రాలేదు. జెండా ఉంటే మాత్రం “ముస్లిం సినిమా”. అందరిలో చేరడానికి ఒకరు ఉన్నది ఉన్నట్టు వస్తే చాలు. ఇంకొకరు ఇంటి గుర్తు గుమ్మం బయట వదిలి రావాలి. ఆ “అందరూ” ఎవరు? మమ్మల్ని తీసేస్తే తప్ప పూర్తికాని లెక్క “అందరూ” ఎలా అవుతుంది?

2020లో ‘పలాస 1978’ అనే సినిమా వచ్చింది. కరుణ కుమార్ తీశారు. మా ఊళ్ల పేరు, మా యాస, ఇక్కడి కులం సంగతి, ఏదీ కడిగి తుడిచి పెట్టలేదు. దళితుల కథను దళితుల కథగానే చెప్పింది. ఈ ప్రాంతం ఎటుందో తెలియని తెలుగువాళ్లు కూడా చూశారు. తన గుర్తు చెరుపుకోకుండానే ఒక కథ పదిమందిదీ కాగలదనడానికి అంతకన్నా దగ్గరి సాక్ష్యం నాకు అక్కర్లేదు.

మరి మన సినిమాల్లో ముస్లిం లేడా అంటారేమో. ఉన్నాడు. టోపీ, సుర్మా, గళ్ల లుంగీ, విరిగిన తెలుగు. హీరో కోసం ప్రాణమిచ్చే మంచి సాయిబు ఒకడు. బాంబు పెట్టే చెడ్డ సాయిబు మరొకడు. మావాడి భాషలో చెప్పాలంటే, వేరెక్కడో తీసుకొచ్చి అతికించిన మనిషి. ఆ చోటి వెలుగు వాడిమీద పడదు. కొబ్బరిచెట్టు పోగొట్టుకున్న ముస్లిం, బియ్యం కార్డు కోసం నిలబడ్డ ముస్లిం, తెలుగు వ్యాకరణం చెప్పే ముస్లిం ఆ తెరమీద నాకు కనబడలేదు. కలిపితే అట్లా కలుపుతారు, లేకపోతే తీసేస్తారు. ఇన్నాళ్లూ ఆ పని ఇంకొకరు చేస్తే కోపగించుకున్నాం. ఇప్పుడు మన పిల్లలే, ఎవరూ అడగకుండా, రెండు రాత్రులు మేలుకుని చేస్తున్నారు.

వాడు ఒప్పుకోలేదు. “నువ్వు జెండా కోసం కొట్లాడుతున్నావు. నేను మార్కుల కోసం, ఉద్యోగం కోసం చూసుకోవాలి” అన్నాడు. న్యాయమైన మాటే. నేను బలవంతపెట్టలేదు. మాట ప్రకారం ముసలాయనకు చూపిద్దాం పద అన్నాను.

తోటలోనే, మంచంమీద లాప్‌టాప్ పెట్టి చూపించాం. ఆయన కళ్లు చికిలించి చూశాడు. చెట్లు పడుతుంటే “ఓలమ్మ ఓలమ్మ” అనుకున్నాడు. అయిపోయాక మళ్లీ వెయ్యమన్నాడు. అప్పుడడిగాడు.

“మా జెండా ఏది బావూ?”

మావాడు నా మొహం చూశాడు.

“ఆ యాల అది కూడా ఇరిగిపోనాది గదా. తెల్లారి సెట్లు సూసుకోడానికొస్తే గోరీ మీద పడున్నాది. తరవాత నానే కొత్త కర్ర పాతినాను.”

ఇక్కడితో ఈ వ్యాసం ఆపేస్తే ఎంత బాగుండును. మతసామరస్యం, పీర్ల పండగ, కలిసిమెలిసి బతికిన పల్లె అని ముగించి, అందరం తృప్తిగా ఇంటికెళ్లవచ్చు. సెక్యులర్ మిత్రులు మాకు తరచూ ఇచ్చే ఊరడింపు అదే. ఆ ముసలాయన మాట నా గుండెల్లో పెట్టుకున్నాను, అబద్ధమాడను. కానీ ఆ మాటతో సగమే తేలింది. ఆయన “మా జెండా” అనగలడు. అన్నందుకు ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. అదే మాట మావాడు అంటే అది వేరే మాట అయిపోతుంది. ఒకే జెండా ఆయన నోట ఊరి ఆచారం, మా నోట మతం. అది తెలిసే మావాడు చెరిపాడు. పిల్లవాడు పిరికివాడు కాదు, లెక్క తెలిసినవాడు.

తేలిన సగం ఏమిటంటే, బొమ్మలోంచి ఒక వస్తువును తీసేస్తే దానికి జరిగిన నష్టం కూడా పోతుంది. ఆ వేకువ పడ్డవాటి లెక్కలో చెట్లున్నాయి, ఇళ్లున్నాయి. విరిగిన వెదురు కర్ర లేదు. సినిమాలో చెట్టు పడినప్పుడు ఏడ్చినవాళ్లు ఆ కర్ర కోసం ఏడవడానికి వీల్లేకుండా చేశాం. లేనిది విరగదు కదా.

తిరిగొస్తూ పలాస స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు వాడడిగాడు. “నాకు ఇది ఎవరు నేర్పారు మామూ?”

ఎవరు నేర్పారో నాకు తెలుసు. 1992 డిసెంబరు, మసీదు కూలిన వారం. పలాసలో రైలెక్కి విజయనగరం వెళుతున్నాను. ఎదురుగా కూర్చున్న నలుగురు ఆ సంగతే మాట్లాడుతున్నారు. ఒకతను మర్యాదగానే నా పేరు అడిగాడు. “రాజు” అన్నాను. అతను నాకు వేరుశనక్కాయలు పెట్టాడు. తిన్నాను. దిగేదాకా రాజుగానే ఉన్నాను. ఎవరూ నా మీద చెయ్యి వేయలేదు, కత్తి చూపలేదు. నా ఫ్రేములోంచి నన్ను నేనే తీసేసుకున్నాను. చెల్లెలి కొడుకు విశాఖపట్నంలో గది వెతుక్కుంటున్నప్పుడు, రెండు చోట్ల పేరు వినగానే “ఖాళీ లేద”న్నారు. మూడోచోట ఇంట్లో పిలిచే ముద్దుపేరు చెప్పమన్నది నేనే. ఆ పేరు ఏ మతానిదో తెలియదు. గది దొరికింది. బతుకుతెరువు కదా అనుకున్నాను. ఆ రెండు రాత్రుల పనికి మొదటి ఫ్రేము నేను చెరిపిందే.

ఇదంతా వాడికి స్టేషన్లో చెప్పాను. వాడేమీ అనలేదు. రైలొచ్చింది.

పది రోజుల తర్వాత వాడొక్కడే మళ్లీ ఆ ఊరు వెళ్లాడు. అదే వేకువ వెలుగులో గోరీనీ కర్రనూ తీసుకున్నాడు. కర్ర ఎత్తు కొలిచాడు. గుడ్డ ఎలా ఎగురుతుందో, తడిస్తే ఎలా బరువెక్కుతుందో తీసుకున్నాడు. బూడిద బంతిని గోరీ పక్కన పెట్టి ఫోటో తీశాడు. చెరపడానికి రెండు రాత్రులు పడితే, మళ్లీ నిలబెట్టి తుపానులో విరగ్గొట్టడానికి మూడు వారాలు పట్టింది. సినిమాలో ఇప్పుడు గుడి ఉంది, చెట్లున్నాయి, జెండా ఉంది. పదకొండు సెకన్లలో జెండా విరిగేది చివర్న, ఒక మూల. చూడకపోతే కనబడదు. అందరి సినిమాలో ఎవరి వస్తువైనా ఉండాల్సింది అంతేననుకుంటాను, ఉన్నచోట, ఉన్నంత.

కాలేజీలో ప్రదర్శనకు రెండు రోజుల ముందు ఫోన్ చేశాడు. “జెండా పెట్టేశాను మామూ. టైటిల్స్‌లో నా పూర్తి పేరు వెయ్యనా? ఇంటి ఓనరు కొడుకు మా కాలేజీయే. చూస్తాడు.”

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఈ వ్యాసంలో ఇంత పెద్ద మాటలు మాట్లాడినవాణ్ణి, ఆ రాత్రి నిద్రపోలేదు. గది పోతే వెతకాల్సింది వాడు, నేను కాదు. జెండా సంగతి నేను చెప్పగలిగాను. పేరు సంగతి చెప్పే హక్కు రైల్లో రాజుగా దిగినవాడికి ఉందా? తెల్లారి ఫోన్ చేసి, “నువ్వు ఏది వేసినా నేను నీ వెనకాల ఉంటాను” అని మాత్రం అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

వాడు పూర్తి పేరు వేశాడు. వాళ్ల నాన్న పేరుతో సహా. ఇంటివాళ్లు ఇంతవరకు ఏమీ అనలేదు. అంటే ఏం చెయ్యాలో మేమింకా మాట్లాడుకోలేదు.